రిపోర్టులో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు: ఒడిశా సరిహద్దు తెలుగువారికి వైద్య పదాల చిక్కు ఎక్కడ వస్తోంది?

సంక్షిప్తంగా: వైద్య నివేదిక అర్థం కాకపోవడానికి ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కారణం కాదు. కంటికి కనిపించే, చేతికి తగిలే భాగాలకు తెలుగులో చాలా నిశితమైన పేర్లున్నాయి. చర్మం కిందికి వెళ్ళేసరికి మాత్రం అదే తెలుగు ఒక్క మాటతో నాలుగైదు భాగాలను సరిపెట్టుకుంటుంది. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఈ సందిగ్ధానికి ఒడియా మాటలు కూడా తోడవుతాయి. వైద్య పదాలు ఎక్కడ, ఏమిటి, ఎంత కాలంగా, ఎంత నిశ్చయంగా అనే సంగతులు చెబుతాయి. వాటిలో ఏది జారిపోయినా రోగి వేరే విభాగానికి వెళ్ళడం, మాత్రలు మధ్యలో మానేయడం, లేని జబ్బుకు బెంగపడడం జరుగుతాయి.

## మూడు భాషల మీదుగా ఒక కాగితం

పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వంటి ఊళ్ళలో తెలుగు కుటుంబాలు నిన్నమొన్న వచ్చినవి కావు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. ఆ తర్వాత ఇంట్లో తెలుగు, బడిలోనూ ప్రభుత్వ కార్యాలయంలోనూ ఒడియా, మందుల చీటీ మీద ఇంగ్లీషు అనే ఏర్పాటు స్థిరపడిపోయింది. మామూలు రోజుల్లో దీనివల్ల వచ్చే ఇబ్బంది తక్కువ. సంతలో బేరం రెండు భాషల్లోనూ నడుస్తుంది. ఆసుపత్రి దగ్గరే అది తేడా కొడుతుంది.

పెద్ద జబ్బు వస్తే ఇక్కడివారికి రెండు దారులున్నాయి. ఒకటి 1962లో మొదలైన బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి, లేదా 2017లో మొదలైన కోరాపుట్ శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల. రెండోది సరిహద్దు దాటి శ్రీకాకుళమో విశాఖ కేజీహెచ్చో వెళ్ళడం. చాలా కుటుంబాలు ఈ రెండు దారులూ తొక్కుతాయి. బరంపురంలో నర్సు ఒడియాలో చెప్పినదాన్ని చదువుకున్న కొడుకు తల్లికి తెలుగులో చెబుతాడు, వారం తర్వాత విశాఖలో డాక్టరు తెలుగులో అడిగితే తల్లి తనకు అర్థమైనంత మేర చెబుతుంది. ఇలా మూడు చేతులు మారిన సమాచారంలో జబ్బు పేరు చాలావరకు నిలుస్తుంది గానీ అది ఏ భాగానికి, ఎన్నాళ్ళుగా, ఎంత ఖాయంగా అన్న వివరాలు రాలిపోతాయి. ఇప్పుడు రక్తపరీక్షల ఫలితాలు డాక్టరు కన్నా ముందే ఫోనుకు వచ్చేస్తున్నాయి. చెప్పేవాళ్ళు పక్కన లేకుండా ఆ ఇంగ్లీషు అక్షరాలను, వాటి పక్కన ముదురు రంగులో ఉన్న అంకెలను చూసుకుని ఒక రాత్రంతా గడపాల్సిన స్థితి కొత్తగా వచ్చింది.

## పైన నిశితం, లోపల అస్పష్టం

కణత, దవడ, జబ్బ, మోచేయి, మణికట్టు, డొక్క, పొత్తికడుపు, గజ్జ, తుంటి, తొడ, పిక్క, చీలమండ, మడమ. ఈ జాబితా ఇంకా సాగుతుంది. శరీరం పైభాగాన్ని గుర్తించడంలో వాడుక తెలుగుకు ఏ లోటూ లేదు. నివేదికల్లో కనిపించే టెంపొరల్ అంటే కణతకు, లంబార్ అంటే నడుముకు, ఇంగ్వైనల్ అంటే గజ్జకు, కాఫ్ అంటే పిక్కకు సంబంధించినదని ఒకసారి చెబితే ఎవరికైనా అర్థమవుతుంది. చిక్కు లోపలి భాగాలతోనే.

వాటిలో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే మాట ‘నరం’. సెలైన్ పెట్టబోతూ ‘నరం దొరకడం లేదు’ అంటే అది సిర, అంటే గుండెకు రక్తాన్ని తిరిగి తీసుకెళ్ళే గొట్టం. పిక్క మీద నీలంగా మెలికలు తిరిగి ఉబ్బిన ‘నరాలు’ కూడా సిరలే. అరికాళ్ళు మొద్దుబారితే ‘నరాల బలహీనత’ అంటారు, అక్కడ దెబ్బతిన్నవి స్పర్శను మెదడుకు చేరవేసే నాడులు. పొద్దున్నే మెడ తిరగకపోతే ‘నరం పట్టేసింది’ అంటారు, అది చాలాసార్లు కండరం బిగుసుకోవడమే. మడమ వెనక తాడులా చేతికి తగిలే స్నాయువు కూడా నరమే అయిపోతుంది. పాఠ్యపుస్తకం నెర్వ్‌ను నాడి అంటుంది గానీ, వైద్యుడు ‘నాడి చూశాడు’ అన్నప్పుడు ఆయన వేళ్ళ కింద కొట్టుకుంటున్నది ధమని. పుస్తక భాష కూడా ఈ విషయంలో పెద్దగా ఆదుకోదు.

ఈ అస్పష్టతకు మూల్యం ఉంటుంది. ఉబ్బిన సిరల్లో లోపం కవాటాలది. రక్తం కిందికి జారకుండా ఆపే సన్నని కవాటాలు వదులైతే రక్తం పిక్కలో నిలిచిపోతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ చీలమండ దగ్గర చర్మం నల్లబడి పుండు కూడా పడవచ్చు. దీన్ని చూడాల్సింది సర్జన్. ‘నరాల జబ్బు’ అనుకుని నాడుల వైద్యుడి దగ్గరికి వెళితే ప్రయాణం, ఫీజు, రోజులు వృథా అవుతాయి. మరోవైపు, షుగరు ఉన్న మనిషికి అరికాళ్ళు మొద్దుబారడం నాడులు దెబ్బతింటున్న సూచన. దానికి మందుల షాపులో ‘నరాల బలానికి’ ఇచ్చే విటమిన్ ఇంజెక్షన్లు, ఆ విటమిన్ నిజంగా తగ్గి ఉంటే తప్ప, పని చేయవు. షుగరును అదుపులో పెట్టడం, స్పర్శ లేని పాదానికి తగిలిన గాయాన్ని రోజూ కంటితో చూసుకోవడం అక్కడ అసలు వైద్యం.

‘కడుపు’ కూడా ఇలాంటిదే. అన్నం చేరే జీర్ణాశయం, రొమ్ము కింద నుంచి గజ్జల దాకా ఉండే ఉదరం, బిడ్డ పెరిగే గర్భాశయం, మూడింటికీ అదే మాట. పర్లాకిమిడిలో ‘కడుపు నొప్పి’ అని చెప్పినది నర్సు చేతిలో ‘పేట బింధా’ అవుతుంది, ఆ ఒడియా మాట కూడా అంతే విశాలం. డాక్టరుకు కావలసింది చోటు. రొమ్ము ఎముక కింది గుంటను ఎపిగ్యాస్ట్రియం అనీ, కుడి పొత్తికడుపును రైట్ ఇలియాక్ ఫోసా అనీ, డొక్కను లాయిన్ అనీ కాగితం మీద రాస్తారు. అపెండిక్స్ వాచినప్పుడు నొప్పి తరచుగా బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడి పొత్తికడుపులోకి జారుతుంది. మూత్రనాళంలో రాయి దిగుతుంటే డొక్కలో పుట్టి గజ్జల్లోకి పాకుతుంది. పిత్తాశయంలో రాళ్ళుంటే నూనె ఎక్కువైన భోజనం తర్వాత కుడి పక్కటెముకల కింద పట్టుకుంటుంది. డొక్క, గజ్జ, పొత్తికడుపు అనే మాటలు ఇంట్లో వాడుతూనే ఉంటారు. ఆసుపత్రి గుమ్మం ఎక్కగానే వాటిని పక్కన పెట్టి ‘కడుపు’ అనడం వల్లే తేడా వస్తుంది. వేలితో చోటు చూపి, మొదట ఎక్కడ పుట్టి ఎటు వెళ్ళిందో చెబితే భాష అడ్డం చాలావరకు తొలగిపోతుంది.

‘వాపు’ అన్నప్పుడు రెండు వేరు వేరు ప్రక్రియలు కలిసిపోతాయి. దెబ్బకో క్రిమికో స్పందనగా ఆ చోట ఎర్రబడి, వేడెక్కి, నొప్పి పుట్టి ఉబ్బడం ఒకటి. కణాల మధ్య నీరు చేరి ఉబ్బడం రెండోది, దీన్ని ఎడిమా అంటారు. కాలి ముందు ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి వదిలితే గుంట పడి నెమ్మదిగా పూడుతుంటే అది నీరు చేరడం. అప్పుడు చూడాల్సింది కీలును కాదు, మూత్రపిండాలను, గుండెను, కాలేయాన్ని.

## ఒకే సంస్కృత మాట, మూడు రకాల కణజాలం

సంస్కృతం నుంచి వచ్చిన మాటలు ఒడియాలోనూ తెలుగులోనూ ఉన్నాయి కాబట్టి అవి ఒకే అర్థం ఇస్తాయనుకోవడం సహజం. ప్లీహం, గర్భాశయం, రక్తహీనత విషయంలో అది నిజమే. స్నాయువు దగ్గర మాత్రం నిజం కాదు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో స్నాయువు కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు, అంటే టెండన్. ఒడియాలో ‘స్నాయు’ అంటే నాడి, నాడీమండలాన్ని అక్కడ ‘స్నాయు తంత్ర’ అంటారు. మరాఠీలో ‘స్నాయూ’ అంటే కండరం. మహారాష్ట్ర సరిహద్దున ప్రాణహిత ఒడ్డునున్న సిరోంచలో తెలుగు మాట్లాడేవారికి ఎదురయ్యేది ఈ మూడో అర్థం. అంటే బరంపురంలో ‘స్నాయు రోగ’ అని విన్న తెలుగు విద్యార్థి దాన్ని కండర బంధనాల జబ్బుగా తీసుకుంటే, మెదడుకూ వెన్నుకూ సంబంధించిన సంగతి కాస్తా కాలి బెణుకు స్థాయికి దిగిపోతుంది.

ఇంకొన్ని మాటలు అసలు కలవవు. ఒడియా కరపత్రాల్లో ‘యకృత’ అంటే కాలేయం, ‘బృక్‌క’ అంటే మూత్రపిండం, ‘ఫుస్‌ఫుస్’ అంటే ఊపిరితిత్తులు. తెలుగు జంతుశాస్త్ర పుస్తకాల్లో వృక్కం, పాత వైద్య గ్రంథాల్లో యకృత్తు ఉన్నాయి గానీ ఇళ్ళలో అవి వినిపించవు.

శరీర నిర్మాణ శాస్త్రవేత్తలకూ ఒకప్పుడు ఇదే తలనొప్పి ఉండేది. ఐరోపా దేశాల్లో ఒక్కొక్క భాగానికి అనేక పేర్లుండడంతో మొత్తం పేర్లు దాదాపు 50,000కు చేరాయి. 1895లో బాసెల్ నగరంలో ఆమోదించిన జాబితా వాటిని ఐదు వేల పైచిలుకుకు కుదించింది. 1998లో మొదటిసారి వచ్చిన టెర్మినొలోజియా అనటోమికా ఆ వరుసలోని ఆధునిక ప్రమాణం. లాటిన్‌ను ఎంచుకోవడంలో ఒక లాభం ఉంది. అది ఎవరి ఇంటి భాషా కాదు కాబట్టి మాటకు వాడుకలోని పక్క అర్థాలు అంటుకోవు. కుడి ఎడమలు కూడా ఈ ప్రమాణంలో ఎప్పుడూ రోగివే. నిటారుగా నిలబడి, ముఖమూ అరచేతులూ ముందుకు తిప్పిన మనిషిని ఆధారంగా తీసుకుంటారు. అందుకే ఛాతీ ఎక్స్‌రే ఫిల్మును ఎదురుగా పట్టుకుంటే గుండె కుడివైపు ఉన్నట్టు కనిపిస్తుంది. అక్కడ చూస్తున్నది ఎదురుగా నిలబడిన మనిషిని.

## పేరులో ఉన్న ముక్కలు

పొడవైన వైద్య పదాలు చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కల కూర్పు. మొదటి ముక్క సాధారణంగా చోటు చెబుతుంది. హెపాట్ కాలేయం, నెఫ్రో మూత్రపిండం, గ్యాస్ట్రో జీర్ణాశయం, ఆర్థ్రో కీలు, మయో కండరం, ఆస్టియో ఎముక. చివరి ముక్క జరిగినదేమిటో చెబుతుంది. ఐటిస్ అంటే ఎర్రబడి నొప్పి పుట్టే వాపు, మెగలీ అంటే పెరిగి ఉండడం, ఆల్జియా అంటే నొప్పి, ఈమియా అంటే రక్తంలోని స్థితి, యూరియా అంటే మూత్రంలో కనిపించడం. ఈ లెక్కన హెపటోమెగలీ అంటే కాలేయం సైజు పెరిగిందని మాత్రమే. ఎందుకు పెరిగిందో ఆ పదం చెప్పదు. జబ్బు పేరులా వినిపించినా అది ఒక పరిశీలన. అల్ట్రాసౌండ్ నివేదికలు చదివేవారు ముందుగా పట్టుకోవాల్సిన తేడా ఇదే.

శస్త్రచికిత్సల పేర్లలో మూడు ముక్కలు చెవికి దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ఎక్టమీ అంటే తీసివేయడం, ఆటమీ అంటే కోసి తెరవడం, ఆస్టమీ అంటే బయటికి దారి చేయడం. పెద్దపేగుకు కొలెక్టమీ చేశారా, కొలాస్టమీ చేశారా అన్నది రోగి జీవితంలో చాలా పెద్ద తేడా. రెండోదానిలో మలం పొట్ట మీద తగిలించిన సంచిలోకి వస్తుంది. హైపర్, హైపో కూడా ఇంతే ప్రమాదకరమైన జంట. హైపర్‌గ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర ఎక్కువ. హైపోగ్లైసీమియా అంటే తక్కువ, చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడే ఆ స్థితిలో స్పృహ ఉన్న మనిషికి వెంటనే పంచదార నీళ్ళు ఇవ్వాలి. ఫోనులో ఈ మాటను తప్పుగా విన్నవారు సరిగ్గా వ్యతిరేకమైన పని చేసే అవకాశం ఉంది.

ముక్కల పద్ధతికి మినహాయింపులూ ఉన్నాయి. చివర ‘ఓమా’ వస్తే కణితి అని నేర్చుకున్నవారికి లైపోమా అంటే చర్మం కింద చేరిన, సాధారణంగా హాని లేని కొవ్వు గడ్డ అనీ, కార్సినోమా అంటే క్యాన్సరు అనీ తెలుస్తుంది. హెమటోమా అంటే గడ్డకట్టి నిలిచిన రక్తం, గ్లకోమా అంటే సాధారణంగా కంటిలో ఒత్తిడి పెరిగి దృష్టి నాడి దెబ్బతినే జబ్బు. ఈ రెండూ కణితులు కావు. ఇక ఇంగ్లీషు పదాలను తెలుగు లిపిలో రాసుకుంటే సరిపోతుందనుకోవడానికీ వీల్లేదు. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడాతో రాసే రెండు మాటలు, చిన్నపేగు చివరి భాగం పేరూ తుంటి ఎముక పైభాగం పేరూ, తెలుగులో ‘ఇలియమ్’గానే మిగులుతాయి. ఏ ఇలియమ్ అన్నది పక్కనున్న మాటలు చూసి తేల్చుకోవాలి.

## కాలమూ నిశ్చయమూ

‘అక్యూట్’ అంటే తీవ్రం, ‘క్రానిక్’ అంటే ఇంకా తీవ్రం అనే అభిప్రాయం బలంగా ఉంది. నిజానికి రెండూ కాలానికి సంబంధించిన మాటలు. అక్యూట్ అంటే గంటల్లో, రోజుల్లో హఠాత్తుగా వచ్చినది, క్రానిక్ అంటే దీర్ఘకాలంగా ఉన్నది. మూత్రపిండాల విషయంలో ఆ దీర్ఘకాలానికి కొలత కూడా ఉంది. లోపం మూడు నెలలకు మించి ఉంటేనే క్రానిక్ అంటారు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ పెరిగిన మనిషికి సరైన చికిత్సతో అది కొద్ది రోజుల్లో మామూలు స్థాయికి రావచ్చు. ఒకే ఒక్క రిపోర్టు చూసి ‘కిడ్నీలు పోయాయి’ అనుకోవడం తొందరపాటు.

క్రియాటినిన్ అంకెకూ అర్థం ఒంటరిగా ఉండదు. కండరాల నుంచి పుట్టే ఈ వ్యర్థాన్ని మూత్రపిండాలు ఎంత బాగా వడకడుతున్నాయో అంచనా వేయడానికి వయసు, స్త్రీపురుష భేదం కలిపి ఈజీఎఫ్ఆర్ లెక్కిస్తారు. 2021లో వచ్చిన సూత్రం ప్రకారం క్రియాటినిన్ 1.3 ఉన్న 25 ఏళ్ళ యువకుడికి ఈజీఎఫ్ఆర్ 78 దరిదాపుల్లో వస్తుంది, అదే 1.3 ఉన్న 65 ఏళ్ళ స్త్రీకి 45 దరిదాపుల్లో వస్తుంది. 60 కన్నా తక్కువ మూడు నెలలు నిలిస్తే దీర్ఘకాలిక జబ్బు, 15 కన్నా తక్కువైతే ఐదో దశ.

సరిహద్దుకు ఆనుకుని, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువగా కనిపించే ఉద్దానంలో, అంటే ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో, ఈ పదాలు ఇంటింటి మాటలైపోయాయి. గంజాం, గజపతి జిల్లాల తెలుగువారిలో చాలామందికి అటువైపు చుట్టాలున్నారు కాబట్టి భయమూ సరిహద్దు దాటింది. అక్కడి రిపోర్టుల్లో కనిపించే ‘అన్‌నోన్ ఇటియాలజీ’ (కారణం తెలియదు) అనే మాటకు పరీక్ష చేయలేదని అర్థం కాదు. షుగరు, రక్తపోటు వంటి తెలిసిన కారణాలను వెతికినా అవి కనిపించలేదని అర్థం.

నిశ్చయాన్ని సూచించే గుర్తులు ఇంకా పొట్టివి, అందుకే కంటికి ఆనవు. జబ్బు పేరు ముందు ప్రశ్నార్థకం ఉంటే అది అనుమానం. ‘ఆర్/ఓ’ అని రాసి పక్కన టీబీ అని ఉంటే, టీబీ ఉందని కాదు, లేదని తేల్చుకోవాలని. ‘కె/సి/ఓ’ అంటే ఇదివరకే తెలిసిన జబ్బు. ‘ఎన్.ఎ.డి.’ అంటే తేడా ఏమీ కనిపించలేదు. స్కానింగ్ చివర రాసే ‘క్లినికల్ కోరిలేషన్’ అన్న మాట రోగిని చూసిన డాక్టరు దీన్ని లక్షణాలతో సరిపోల్చాలన్న సూచన, అదనపు జబ్బు కాదు. వీటిలో ‘ఆర్/ఓ’ చేసినంత చేటు మరేదీ చేయదు. కాగితం మీద కనిపించిన పెద్ద జబ్బు పేరు, దాని ముందున్న చిన్న అక్షరాలను మింగేస్తుంది.

గుండె విషయంలో పత్రికలు కూడా మూడు స్థితులను కలిపేస్తుంటాయి. గుండె కండరానికి రక్తం తెచ్చే ధమని మూసుకుపోవడం గుండెపోటు. విద్యుత్ లయ చెడి గుండె కొట్టుకోవడం ఆగిపోవడం కార్డియాక్ అరెస్ట్, ఇక్కడ నిమిషాలే గడువు. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగడం కాదు, ఒంటికి కావలసినంత రక్తాన్ని తోడలేకపోవడం. ఆ స్థితితో మందులు వాడుతూ ఏళ్ళ తరబడి బతుకుతున్నవారున్నారు.

## కళ్ళు పచ్చబడితే కాలేయమేనా?

సరిహద్దు జిల్లాల్లో పైన చెప్పినవన్నీ ఒకచోట కలిసే లక్షణం కామెర్లు. ఒడియాలో దీన్ని ‘కామళ’ అంటారు, రెండు భాషల్లోనూ ఒక జబ్బుగానే భావిస్తారు. వైద్యంలో అది లక్షణం. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతికి విచ్ఛిన్నమైనప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పుడుతుంది. కాలేయం దాన్ని నీటిలో కరిగే రూపానికి మార్చి పిత్తనాళం ద్వారా పేగులోకి పంపుతుంది. కాబట్టి అడ్డంకి మూడు చోట్ల రావచ్చు. కణాలు మామూలుకన్నా వేగంగా చిట్లిపోవచ్చు, కాలేయమే దెబ్బతినవచ్చు, లేదా నాళం మూసుకుపోవచ్చు. రిపోర్టులో డైరెక్ట్ (కాలేయం మార్చిన బిలిరుబిన్), ఇండైరెక్ట్ (ఇంకా మార్చనిది) అని విడదీసి రాయడం ఇందుకే. ఇండైరెక్ట్ ఎక్కువగా ఉండి, కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమైన ఎస్‌జీపీటీ దాదాపు మామూలుగా ఉంటే చూపు రక్తకణాల వైపు తిరగాలి. ఎస్‌జీపీటీ వందల్లో, వేలల్లో ఉంటే కాలేయం వాచిందన్నమాట. డైరెక్ట్ పెరిగి, మలం సున్నంలా పాలిపోయి, ఒళ్ళంతా దురద పెడితే నాళంలో అడ్డును వెతుకుతారు.

పసరు మందులకూ వాతలకూ ఉన్న పేరుకు కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఏ, ఈ చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి, ఆ పేరు పసరుకు దక్కుతుంది. అదే పసరు నాళంలో రాయి ఉన్నవారికి పని చేయదు. హెపటైటిస్ ఈ గర్భిణికి, ముఖ్యంగా చివరి నెలల్లో, ప్రాణాంతకం కాగలదు కాబట్టి అక్కడ ఆగి చూసే వ్యవధి ఉండదు.

రక్తకణాలు చిట్లే కారణాల్లో రెండు ఈ నేలకు పాతవి. ఒకటి మలేరియా. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి కొండ ప్రాంతాల్లో దీన్ని తగ్గించడానికి ఒడిశా 2017లో ‘దుర్గమ అంచలరే మలేరియా నిరాకరణ’, పొట్టిగా ‘దమన్’, అనే కార్యక్రమం మొదలుపెట్టింది. కిట్ పరీక్షలో పీఎఫ్ అంటే ఫాల్సిపారం, పీవీ అంటే వైవాక్స్. ఈ రెండక్షరాల తేడాను బట్టే మందులు మారుతాయి. ఫాల్సిపారం మెదడుకు సోకగల ప్రమాదకర రకం, వైవాక్స్ కాలేయంలో నిద్రాణంగా దాగి నెలల తర్వాత మళ్ళీ లేస్తుంది. అందుకే వైవాక్స్ రోగికి జ్వరం తగ్గాక కూడా ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు, గర్భిణులకు ఇవ్వరు. ‘జ్వరం పోయింది కదా’ అని నాలుగో రోజు ఆపేసిన మాత్రలే తర్వాతి జ్వరానికి దారి తీస్తాయి.

మలేరియా పదేపదే వస్తే ఎడమ పక్కటెముకల కింద ప్లీహం పెరుగుతుంది. చేతికి గట్టిగా తగిలే దాన్ని ‘కడుపులో గడ్డ’ అంటారు. సెగగడ్డ, కణితి, బిళ్ళ కట్టిన గజ్జ, పెరిగిన ప్లీహం అన్నీ గడ్డే కాబట్టి ఆ మాట విన్న ఇంట్లో ముందు క్యాన్సరు భయం పుడుతుంది. రిపోర్టులో స్ప్లీనోమెగలీ అని ఉంటే పెరిగినది ప్లీహమని మాత్రమే తెలుస్తుంది. దాని వెనక మలేరియా ఉందా, సికిల్ సెల్ ఉందా, కాలేయ జబ్బు ఉందా అన్నది వేరే పరీక్షలు చెప్పాలి.

## సికిల్ ‘పాజిటివ్’ అంటే జబ్బా, వాహకతా?

రక్తకణాలు చిట్లడానికి రెండో కారణం సికిల్ సెల్, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు. దీని కోసం 2023 జులై 1న మొదలైన జాతీయ నిర్మూలన మిషన్ 2047ను గడువుగా పెట్టుకుంది. గిరిజన ప్రాంతాలున్న రాష్ట్రాల్లో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. ఒడిశా, మహారాష్ట్ర రెండూ అందులో ఉన్నాయి. పరీక్షలు ఊళ్ళకు చేరేకొద్దీ ‘పాజిటివ్’ అన్న మాటా చేరుతోంది, గందరగోళం అక్కడే మొదలవుతోంది.

హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ రావడమే ఈ జబ్బుకు మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు అలాంటి హిమోగ్లోబిన్ కడ్డీలుగా పేరుకుని కణాన్ని కొడవలిలా వంచుతుంది. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుని ఎముకల్లో భరించలేని నొప్పి పుట్టిస్తాయి. 120 రోజులు బతకాల్సిన కణం 10 నుంచి 20 రోజుల్లో చిట్లిపోతుంది కాబట్టి కళ్ళు పచ్చబడతాయి, రక్తం తగ్గుతుంది. ఇలాంటి పిల్లవాడి విషయంలో ఇంట్లో మూడు పేర్లు వినిపిస్తాయి. కీళ్ళ నొప్పికి వాతం, పచ్చ కళ్ళకు కామెర్లు, పాలిపోయిన ముఖానికి రక్తం తక్కువ. మూడింటికీ మూడు వైద్యాలు జరుగుతాయి, వెనకనున్న ఒక్క జబ్బు బయటపడదు. ‘రక్తం తక్కువ’ అనగానే ఇనుము మాత్రలు ఇవ్వడం మామూలు. ఇక్కడ సమస్య ఇనుము చాలకపోవడం కాదు, కణాలు త్వరగా చిట్లడం. ఇనుము లోపం ఉందని పరీక్షలో తేలితే తప్ప ఆ మాత్రలు జబ్బును మార్చవు. నొప్పుల దాడులను తగ్గించేది హైడ్రాక్సీయూరియా, అది కూడా వైద్యుల పర్యవేక్షణలోనే.

ఊరిలో ముందుగా చేసే సాల్యుబిలిటీ పరీక్ష రక్తంలో సికిల్ హిమోగ్లోబిన్ ఉందో లేదో మాత్రమే చెబుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చినవారు ఏఎస్, అంటే వాహకులు. వారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. ఇద్దరి నుంచీ వచ్చినవారు ఎస్ఎస్, ఈ రెండు రకాల్లో జబ్బు ఉన్నది వారికే. సాల్యుబిలిటీ పరీక్షలో ఇద్దరూ పాజిటివే. విడదీసి చెప్పగలిగేది హిమోగ్లోబిన్ రకాలను వేరు చేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ. ఈ రెండో మెట్టు ఎక్కకుండా ఆగిపోయిన పాజిటివ్, ఆరోగ్యంగా ఉన్న అమ్మాయికి పెళ్ళి సంబంధం తప్పిపోవడానికి సరిపోతుంది.

పిల్లల విషయంలో లెక్క ఇలా ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాహకత 50 శాతం, ఏదీ లేకపోవడం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదన్న నమ్మకానికి ఆధారం లేదు, ప్రతి కాన్పుకూ లెక్క మొదటికి వస్తుంది. ఒకరు ఏఎస్, మరొకరు ఏఏ, అంటే ఆ జన్యువు లేనివారు, అయితే బిడ్డ వాహకుడు కావచ్చు గానీ జబ్బు రాదు.

సరిహద్దుకు అటూ ఇటూ సంబంధాలు కలుపుకునే కుటుంబాలకు ఇందులో అనుకూలమైన సంగతి, ఈ అక్షరాలు ఒడిశా కాగితం మీదా ఆంధ్ర కాగితం మీదా ఒక్కటే. జాగ్రత్త పడాల్సినది సాల్యుబిలిటీ పరీక్షలో వచ్చిన ‘నెగెటివ్’ దగ్గర. ఆ పరీక్షకు బీటా థలసీమియా (బీటా గొలుసు తక్కువగా తయారయ్యే మరో వంశపారంపర్య రక్త లోపం) వాహకత అందదు. ఒకరు సికిల్ వాహకులు, రెండోవారు థలసీమియా వాహకులు అయితే పుట్టే బిడ్డకు సికిల్ బీటా థలసీమియా వచ్చే అవకాశం నూటికి 25. కాబట్టి ఒకరిది ఏఎస్ అని తేలినప్పుడు రెండోవారికి సాల్యుబిలిటీ నెగెటివ్‌తో సరిపెట్టకుండా హెచ్‌పీఎల్‌సీ చేయించి, అందులో హిమోగ్లోబిన్ ఏ2 శాతం ఎంతో కూడా చూస్తారు. అది పెరిగి ఉండడం సాధారణంగా బీటా థలసీమియా వాహకతకు గుర్తు.